ఒరొజాలీ మాస్టారి కారు ఆకలి

కొచ్కోర్ బడిలో భూగోళం చెప్పే ఒరొజాలీ మాస్టారు ఆ ఆదివారం పొద్దున్నే పటం ముందేసుకుని, బాలిక్చీకి రానూ పోనూ నూట ఇరవై కిలోమీటర్లని పెన్సిలుతో తేల్చాడు. కారు వందకు ఏడు లీటర్లు తాగుతుంది. అంటే ఎనిమిదిన్నర లీటర్లు చాలు. వచ్చేవాళ్ళ మర్యాద కోసం పది పోయించాడు.

బాలిక్చీ నుంచి తీసుకురావలసింది కాబోయే వియ్యాలవారిని మరి. ఆయన కూతురు బెగిమాయ్, వాళ్ళబ్బాయి చదువుకునేచోట ఒకరికొకరు మాట ఇచ్చేసుకున్నారు. పెద్దవాళ్ళు కలవడం మాత్రం ఇదే మొదలు. ఆచారం ప్రకారం మగపెళ్ళివారు పిల్ల ఇంట్లో మాంసం ముట్టి, పెళ్ళిరోజు చెప్పి లేవాలి. చెప్పకుండా లేచారంటే సంబంధం నచ్చలేదని అర్థం, సాయంత్రానికల్లా ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిపోతుంది.

"ఏవండీ, ఒంటిగంటకల్లా వచ్చెయ్యండి. వియ్యంకుడి ముందు పెట్టే పొట్టేలు తల చల్లారితే బాగోదు," అంది భార్య కనీషాయ్.

మాస్టారి తల్లి సైరాకాన్ దిష్టి పోవాలని అర్చా చెట్టు కొమ్మ అంటించి, కారు చుట్టూ మూడుసార్లు పొగ తిప్పింది. మూడు నెలల కిందట కారులో స్పీడు ముల్లు పక్కన నీలం దిష్టిపూస అంటించింది కూడా ఆవిడే. మాస్టారు తాళం తిప్పగానే కారు అర్చా పొగకు రెట్టింపు నల్లటి పొగ ఆవిడ ముఖానే వదిలింది.

"చూశావుట్రా, దిష్టి ఎలా పోతోందో!" అంది ఆవిడ దగ్గుతూనే సంతోషంగా.

బాలిక్చీలో వియ్యంకుడు తొక్తోసున్ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. తెల్ల కల్పాక్ టోపీ, భారీ మనిషి, తక్కువ మాట. రైల్వేలో చేసి రిటైరయ్యాడని తప్ప ఆయన గురించి మాస్టారికి ఇంకేమీ తెలియదు. వియ్యపురాలు ఉల్‌కాన్ వెనక సీట్లో కూర్చుంటూనే రెండుసార్లు ముక్కు ఎగపీల్చి అద్దం దించింది. తొక్తోసున్ ముందు సీట్లో కళ్ళు మూసుకుని, ఏదో పాట వింటున్నట్టు తల ఓరగా పెట్టాడు.

ఊరి చివర పెట్రోలు బంకు కనబడింది.

"ఇక్కడ పోయించుకుంటే మేలేమో బావగారూ. ఇది దాటితే దారిలో ఇంకోటి లేదు," అన్నాడు తొక్తోసున్.

"ఎందుకు బావగారూ! నా బండి వందకు ఏడు లీటర్లే. పొదుపరి."

ఉల్‌కాన్ ఏదో అనబోయింది. మొగుడు మోచెయ్యి వెనక్కి చాచి ఆవిడ మోకాలు మీద పొడిచాడు. ఆవిడ అద్దం ఇంకాస్త దించింది.

బంకు దాటి పట్టుమని పది కిలోమీటర్లు పోలేదు, కారు రెండు ఎక్కిళ్ళు పెట్టి ఆగింది. పెట్రోలు ముల్లు సున్నా మీద ఉంది. మాస్టారు ముల్లు చెడిపోయిందన్నాడు. దిగి, మూత తీసి, లోపల పుల్ల పెట్టి చూశాడు. పుల్ల పొడిగా వచ్చింది.

"బంకువాడు తక్కువ పోశాడు బావగారూ! మోసం!"

"అయ్యుండచ్చు," అన్నాడు తొక్తోసున్ కొండల వైపు చూస్తూ.

రోడ్డు పక్క ఇల్లుగలాయన పెట్రోలు ఇస్తానన్నాడు. కానీ గుమ్మం దాకా వచ్చినవాళ్ళు రొట్టె ముక్క రుచి చూడకుండా ఎలా వెళతారు? అందులోనూ వియ్యాలవారు! రొట్టె వెంట మీగడ వచ్చింది, మీగడ వెంట నూనెలో వేయించిన వేడి బోర్సోక్‌లు, వాటి వెంట ఆరేసి గిన్నెల టీ. ఆయన క్యాను నిండా ఇస్తానన్నా మాస్టారు వినలేదు. మిగిలింది యాభై కిలోమీటర్లు, లెక్క ప్రకారం మూడున్నర. "నాలుగు చాలు. పరాయి సొమ్ము మనకెందుకు?" అన్నాడు.

ఆ నాలుగు లీటర్లూ ఇరవై తొమ్మిది కిలోమీటర్లకు అయిపోయాయి.

రెండో ఇంటావిడ రొట్టెతో ఊరుకోలేదు. బాణలిలో కూర్దాక్ మాంసం వేయించి, కొవ్వు ముక్కలన్నీ ఏరి తొక్తోసున్ వైపే తోసింది. ఆయన చాలన్నకొద్దీ, "మొహమాటపడకండి అన్నయ్యా, దూరం వెళ్ళాల్సినవాళ్ళు," అంటూ ఇంకాస్త వేసింది. మాస్టారు గోడ మీద వేలితో లెక్క కట్టి రెండు లీటర్లు పుచ్చుకున్నాడు. అవి పద్నాలుగు కిలోమీటర్లు వచ్చాయి.

మూడో ఇంట్లో మనవడు పుట్టిన విందు జరుగుతోంది. కల్పాక్ పెట్టుకున్న పెద్దమనిషి, పైగా వియ్యంకుడు గుమ్మంలో దిగితే వాళ్ళు చేతులు కట్టుకుని కూర్చుంటారా? పైవరసలో కూర్చోబెట్టి, ఉడికిన పొట్టేలు తల పళ్ళెంలో పెట్టి, చేతికి కత్తి ఇచ్చారు. తొక్తోసున్ ఒకసారి తల వైపు, ఒకసారి కిటికీలోంచి కారు వైపు చూశాడు. తర్వాత ఏ పాపం చేశానురా అన్నట్టు ఆ పొట్టేలు చెవి కోసుకుని తిన్నాడు. మాస్టారు ఒక్క లీటరే అడిగాడు. అది సరిగ్గా ఇంటి వీధి మలుపు దాకా వచ్చింది. అక్కణ్ణుంచి వియ్యంకులిద్దరూ కారు తోశారు.

"మీరెందుకు బావగారూ, మీరు కూర్చోండి," అని బతిమాలాడు మాస్టారు.

"తొయ్యనివ్వండి బావగారూ. కాస్త అరుగుతుంది."

సాయంత్రం నాలుగు దాటింది. కనీషాయ్ మూడుసార్లు వేడిచేసిన పొట్టేలు తల తెచ్చి తొక్తోసున్ ముందు పెట్టింది. ఆయన కత్తి అందుకున్నాడు, దించాడు, మళ్ళీ అందుకున్నాడు. ఉల్‌కాన్ రొట్టె ముక్కను పదిసార్లు తుంచి పక్కన పెట్టింది. తలుపు వెనక బెగిమాయ్ నిలబడి చూస్తోంది. పిల్ల ముఖం చూసి మాస్టారు పళ్ళెం వియ్యంకుడి వైపు ఇంకాస్త జరిపాడు.

"వంట నచ్చలేదా అన్నయ్యగారూ?" అంది కనీషాయ్.

"వంటకేం చెల్లెమ్మా..." తొక్తోసున్ చప్పున కత్తి కింద పెట్టి లేచాడు. "ఇంక నావల్ల కాదు. క్షమించండి." గబగబా బయటికి నడిచాడు.

"అయిపోయింది. పిల్ల వద్దని చెప్పకనే చెప్పాడు," అని సైరాకాన్ తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుంది. అందరూ వాకిట్లోకి పరుగెత్తారు.

కల్పాక్ కారు కప్పు మీద ఉంది. తొక్తోసున్ బూట్లు మాత్రం కారు కిందనుంచి బయటికి కనబడుతున్నాయి.

"పొద్దుటినుంచీ నోరు కట్టుకుని చచ్చాను," అంది కారు కిందినుంచి ఆయన గొంతు. "తొలి రాకలో వియ్యంకుడి గుర్రానికి వంక పెట్టడం మా ఇంటావంటా లేదు. పెరట్లో కార్ల షెడ్డు పెట్టి పదిహేనేళ్ళయింది బావగారూ. బండెక్కగానే వాసన తెలిసింది."

"మోచేత్తో పొడిచి నన్నూ చెప్పనిచ్చాడు కాదు," అంది ఉల్‌కాన్.

మాస్టారు వంగి కారు కిందికి చూశాడు. "ఏమైంది బావగారూ దీనికి?"

తొక్తోసున్ మసి చేతులతో బయటికొచ్చాడు. "పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. ఇంజనుకు ముక్కనుకోండి. మంట మండాక ఎంత గాలి మిగిలిందో చూసి లోపలి కంప్యూటరుకు చెబుతుంది. మీదానికి ముక్కు దిబ్బడేసింది. ఎంత పోసినా పెట్రోలు చాల్లేదనే చెబుతోంది. కంప్యూటరు నమ్మి పోస్తూనే ఉంది. మండనిదంతా మసై, పొగై పోతోంది. ఏడు కాదు, పద్నాలుగు తాగుతోంది."

"పద్నాలుగా!"

"దానికీ నాకూ ఇవాళ ఒకటే అవస్థ. కడుపు నిండిందంటే వినేవాడు లేడు."

కనీషాయ్‌కి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, చివరికి రెండూ కలిసి వచ్చాయి.

"ఇంజను బాగోలేదని చెప్పే దీపం వెలిగే ఉండాలే, చూడలేదా?" అంటూ తొక్తోసున్ లోపలికి వంగి తాళం తిప్పాడు. ఎక్కడా దీపం లేదు. గోటితో నీలం పూసను గీకాడు. దాని కింద పసుపుపచ్చ దీపం కళ్ళు మిటకరించి చూస్తోంది.

"అదేరా! ఏదో పచ్చటి కన్ను నిన్నే చూస్తోందని నేనే మూశాను," అంది సైరాకాన్ గర్వంగా.

తొక్తోసున్ కల్పాక్ పెట్టుకుని బెగిమాయ్‌ని పిలిచి తలమీద చెయ్యి వేశాడు. "పెళ్ళి ఆగస్టు రెండో శనివారం. ఈ కారులోనే రావాలి తల్లీ. కొత్త ముక్కు నేనే తెచ్చి బిగిస్తాను. ఆ పొట్టేలు తలకాయ మూట కట్టించండి చెల్లెమ్మా, రేపు తింటాం." సాయంత్రం వియ్యాలవారు బస్సులో వెళ్ళారు. సంతోషం పట్టలేక మాస్టారు బస్సు కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

వారానికి కొత్త సెన్సర్ వచ్చింది. పొగ పోయింది, దీపం ఆరింది, కారు మళ్ళీ ఏడు లీటర్లకు దిగింది. సైరాకాన్ పూసను పారెయ్యకుండా తుడిచి, ఇంత పెట్రోలు మిగులుతుంటే ఎవరి కళ్ళు పడతాయోనని పెట్రోలు ముల్లు మీద అంటించింది. మాస్టారు అడ్డు చెప్పలేదు. ఆ ముల్లును ఆయన ఎప్పుడూ నమ్మింది లేదు.