బోర్డుకు కట్టిన నమేలే మట్టలు

తప్పు నౌపాది కాదు. మా తాన్నా ద్వీపంలో ఇప్పటికీ అందరూ అతని వైపే వేలు చూపిస్తున్నారు గనక ముందే తేల్చి చెబుతున్నాను. తప్పు పట్నంలో ఫ్యాను కింద కూర్చున్న పర్యాటక కార్యాలయం వాళ్లది. అగ్నిపర్వతం చూడటానికి రండి రండి అని లోకాన్నంతా పిలిచారు. దారి చీలే చోట బాణం గుర్తు వేసి ఎర్ర బోర్డు పాతారు. ఆ బోర్డు ప్రారంభానికి వచ్చి పూలదండలు వేయించుకుని, ఆకుల్లో చుట్టి కాల్చిన లాప్‌లాప్ కడుపునిండా తిని వెళ్లారు. గతుకుల దారిలో అంతసేపు ఎగిరెగిరి పడుతూ వచ్చిన మనిషికి కొండెక్కే ముందు ఒంటికి వెళ్లాల్సి వస్తుందన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. తట్టాక మరుగుదొడ్డి కడతామన్నారు. అనడం అయిపోయింది.

ఆ బోర్డుకు ఒకవైపు బూడిద మైదానం. మోకాలెత్తు మొక్క కూడా లేని బయలు. రెండోవైపు నౌపా పెళ్లాం లిస్పెత్ పెండలం తోట. బండి దిగిన సందర్శకులు ఎటు పోతారో వేరే చెప్పాలా? ఏపుగా ఆకులున్న చోటు చూసుకుని పోతారు. ఆ ఏపంతా లిస్పెత్ చెమట.

కొడుకు సున్తీ వేడుక దగ్గర పడుతోంది. ఆ రోజు పిల్లవాడి మేనమామల ముందు పెండలం గడ్డలు గుట్టగా పోయాలి, పక్కన కోరలు తిరిగిన పందిని కట్టాలి. గుట్ట చిన్నదైతే లిస్పెత్ అన్నదమ్ములు నోరెత్తి ఒక్క మాట అనరు. గుట్ట వైపు ఒకసారి చూసి, తరవాత ఆకాశం వైపు చూస్తారు. అంతకన్నా తిట్టడమే నయం. అందుకే లిస్పెత్ ఊరి పెద్ద కైయార్ దగ్గరికి వెళ్లి మొరపెట్టుకుంది. ఆయన సరే, మట్టలు కట్టుకోమన్నాడు.

నమేలే అని ఈతచెట్టులాంటి చెట్టు, దాని మట్టలు రెండు అడ్డంగా కట్టారంటే ఆ చోటు మూసేసినట్టే. తాళం అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. ఊరి పెద్ద మాట మీద కట్టాలి, ఆయన మాట మీదే విప్పాలి. మాట లేకుండా కట్టినా పంది జరిమానా, విప్పినా పంది జరిమానా. కైయార్ మాట ఇచ్చేసి, పడమటి తీరాన ఏదో పెళ్లుంటే వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున లిస్పెత్ సంతకు బుట్ట సర్దుకుంటూ మొగుడికి పని చెప్పింది.

"ఏమయ్యా, నేనొచ్చేలోపు తోట గుంజకి మట్టలు కట్టెయ్. ఆ గుంజ పుచ్చిపోయింది, ముందది మార్చు."

"మారుస్తాలే."

"పోయిన వానాకాలం కూడా ఇదే మాట."

"అప్పటికింకా పూర్తిగా పుచ్చలేదే," అన్నాడు నౌపా.

తోట దగ్గరికి వెళ్లి గుంజ మీద చెయ్యి వేయగానే అది అతని చేతిలోకే వచ్చేసింది. కొత్త గుంజ నరకాలంటే అడవిలోకి పోవాలి. పక్కనే బోర్డు ఉంది. దాన్ని పట్టుకుని ఊపి చూశాడు. కదల్లేదు. పట్నం వాళ్లు ద్వీపంలో నిలబెట్టిన వాటిల్లో నిలబడింది అదొక్కటే. నౌపా మట్టలు రెండూ దానికే అడ్డంగా కట్టి, పని అయిపోయిందనుకుని మత్తుకు నూరి తాగే కావా వేళ్లు తవ్వుకోవడానికి పోయాడు.

బోర్డు మీద ఉన్న మాట అగ్నిపర్వతం. బాణం చూపిస్తున్నది అగ్నిపర్వతం. తోట అన్న మాట ఎక్కడా లేదు.

కాసేపటికి బండి నడిపే ఇయాపుమ్ సందర్శకులను ఎక్కించుకుని అక్కడికి వచ్చాడు. మట్టలు చూసి బ్రేకు వేశాడు. ఆకులే కదా, పక్కనుంచి పోనివ్వవయ్యా అన్నారట బండిలో వాళ్లు. కన్నతల్లి మీదుగా బండి నడపమన్నట్టు చూసి, బండి వెనక్కి తిప్పి తిన్నగా నౌపా దగ్గరికి వచ్చాడు.

"బావా, కొండ మూసేశారు."

"ఎవరు?"

"నాకేం తెలుసు. బోర్డుకే కట్టారు."

నౌపా చేతిలో కత్తి ఆగిపోయింది. వెళ్లి విప్పితే పంది పోతుంది. నేనే కట్టానంటే పంది పోతుంది. ఉన్నది ఒక్క పంది, అది బావమరుదుల పంది. నోరు మూసుకుంటే మాత్రం ప్రస్తుతానికి ఏ పందీ పోదు.

"ఎవరో పెద్దవాళ్లే అయ్యుంటార్లే," అన్నాడు.

ఆ ఒక్క మాట చాలింది. కొండను మూసేంత పెద్దవాడు కైయార్ ఒక్కడే. ఆయన ఊళ్లో లేడు. పెద్ద ఊళ్లో లేకుండా కొండ మూశారంటే అర్థం ఏమిటి? వాగు దగ్గర బట్టలుతుకుతున్న ఆడవాళ్లు అర్థం తేల్చేశారు: పెద్ద పోయాడు, అందుకే కొండ మూశారు. మధ్యాహ్నానికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చాపలు, గడ్డలు మోసుకుంటూ, ఏడ్చుకుంటూ కైయార్ ఇంటికి చేరారు.

కైయార్ భార్య నాలిన్ వాకిట్లో బుట్ట అల్లుకుంటోంది. "ఆయన పెళ్లికి వెళ్లాడు," అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. పాపం, ఈమెకింకా ఎవరూ చెప్పలేదని వాళ్లు ఇంకా గట్టిగా ఏడ్చారు. రేపు వచ్చేస్తాడంది. దాంతో ఆపడం ఎవరి తరమూ కాలేదు. చివరికి ఇంతమంది తన కోసం ఏడుస్తుంటే తానొక్కతే బుట్ట అల్లుకోవడం మర్యాద కాదనిపించి, నాలిన్ కూడా బుట్ట పక్కన పెట్టి ఏడవడం మొదలుపెట్టింది. కొండ చూడటానికి వచ్చిన సందర్శకులను కూడా చాపల మీద కూర్చోబెట్టారు. వాళ్లలో ఒక పెద్దావిడ నాలిన్ కన్నా బాగా ఏడ్చింది.

సంత నుంచి వచ్చిన లిస్పెత్ కూడా అందరితో కలిసి ఏడ్చింది. నౌపా ఎందుకు అన్నం ముట్టడం లేదో మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. మొగుడికి పెద్దాయనంటే ఇంత ప్రేమ ఉందనుకోలేదు.

ఈ కబురు ఫోన్ల మీద పట్నం చేరేసరికి కొండ పగిలింది, పెద్ద కాలిపోయాడు అయింది. మర్నాడు పొద్దున్నే కార్యాలయం నుంచి ఎటియెన్ అనే అధికారి దిగాడు. నెత్తిన ఇనప టోపీ, మూతికి గుడ్డ. కొండ రోజూ ఉరిమినట్టే ఉరిమింది. ఊరంతటిలో తలెత్తి చూసింది ఎటియెన్ ఒక్కడే. చావు ఇంటికి వచ్చిన పెద్దమనిషికి లేత కొబ్బరిబోండం ఇవ్వాలి, ఇచ్చింది అడుగంటా తాగాలి. వచ్చిన ప్రతి ఊరూ ఒకటి కొట్టి ఇచ్చింది. ఎటియెన్ మర్యాద తెలిసినవాడు. అన్నీ తాగాడు.

అదే వేళకు పెళ్లి బండి దిగి కైయార్ వచ్చాడు. తన వాకిట్లో ఏడుపులు విని, మా పద్ధతి ప్రకారం తానూ ఏడుస్తూ వచ్చి పెళ్లాం పక్కన కూలబడ్డాడు.

"ఎవరే పోయింది?" అన్నాడు ముక్కు చీదుకుంటూ.

"మీరే," అంది నాలిన్.

కైయార్ కళ్లు తుడుచుకున్నాడు. తరవాత లేచి, ఏ ఊరు ఎంత గుట్ట తెచ్చిందో ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లాడు. అవతలి గట్టువాళ్ల గుట్ట దగ్గర ఆగి, "నాకు ఇంతేనా?" అన్నాడు. వాళ్లు తలలు వంచుకున్నారు.

సంగతి తేల్చడానికి అందరూ బోర్డు దగ్గరికి నడిచారు. అక్కడ నౌపా ఇక దాచలేకపోయాడు.

"నేనే కట్టాను పెద్దాయనా. గుంజ పుచ్చింది. బోర్డు గట్టిగా ఉంది."

లిస్పెత్ మొగుడి వైపు చూసింది. ఆ చూపుకు నౌపా రెండడుగులు వెనక్కి వేశాడు. కొండ మూసే మాట నేనివ్వలేదు, పంది తెచ్చి కట్టమన్నాడు కైయార్.

"అయితే విప్పించండి. కొండ తెరవాలి, త్వరగా," అన్నాడు ఎటియెన్. అతను ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు.

త్వరగా కుదరదు, ఏడ్చిన ఊళ్లన్నీ తలా ఒక మాట మాట్లాడాలి, మధ్యలో ఎవరూ కదలకూడదు అన్నాడు కైయార్. అప్పుడు లిస్పెత్ ముందుకు వచ్చింది.

"పెద్దాయనా, నువ్వు మాటిచ్చింది ఎందుకు? నా గడ్డల మీద ఎవరూ పోయకూడదనేగా. నిన్నటి నించీ ఒక్కడన్నా పోశాడా? తోట మూస్తే దూకి వచ్చేవాళ్లు. కొండ మూశాక బండే రాలేదు. నీ మాట నిలబడింది. మరి పంది దేనికి?"

కైయార్ గడ్డం గోక్కున్నాడు. నిన్నంతా తన కోసం ద్వీపం సగం ఏడ్చింది. ఇప్పుడు కొండను మూసిన ఘనత కూడా నడిచి వచ్చి ఒళ్లో కూర్చుంటోంది.

"నా మాటే అది," అన్నాడు. "కొండనే మూయమన్నాను. మరుగుదొడ్డి లేచిందాకా తెరవను."

ఎటియెన్ చట్టం గురించి ఏదో మొదలుపెట్టాడు గానీ, కడుపులోని కొబ్బరినీళ్లు పూర్తి చేయనివ్వలేదు. ఒకవైపు బూడిద బయలు, అందులో ఆడా మగా కలిసి అన్ని ఊళ్ల జనం. రెండోవైపు తోట.

"అక్కా, ఒక్క నిమిషం అలా లోపలికి..."

"మట్టలున్నాయి తమ్ముడూ," అంది లిస్పెత్.

ఎటియెన్ అక్కడే నిలబడి ఫోను తీశాడు. అవతల ఎవరో రేపు చూద్దామన్నారు కాబోలు, "రేపు కాదు సార్, అవసరం ఎంత ఉందో నేను స్వయంగా చూస్తున్నాను," అన్న అరుపు జనమంతా విన్నారు.

వేడుక బాగా జరిగింది. ఎవరూ తొక్కని తోటలో గడ్డలు మనిషంత ఊరాయి. లిస్పెత్ అన్నదమ్ములు గుట్ట వైపు చూసి, ఆకాశం సంగతి మరిచిపోయారు. ఇయాపుమ్ సందర్శకులను జలపాతానికీ వేడినీటి బుగ్గలకూ తిప్పుతున్నాడు. చివర్లో మూసిన కొండను దూరం నుంచి చూపిస్తే వాళ్లు ఇంకా ఎక్కువ ఫొటోలు తీసుకుంటున్నారు.

కార్యాలయం నుంచి బండి కూడా వచ్చింది. అందులోంచి సిమెంటు దిగలేదు, ఇసుక దిగలేదు. మరుగుదొడ్డి అని రాసిన కొత్త బోర్డు దిగింది. దాన్ని గట్టిగా పాతి వెళ్లారు. బాణం లిస్పెత్ తోట వైపు ఉంది.

ఫ్యాను కింద కూర్చున్న అయ్యలారా, బోర్డులు చాలు. సిమెంటు పంపండి, ఇసుక పంపండి, గోడ కట్టే మనిషిని పంపండి. ఈ వానలు పడేలోపు నాలుగు గోడలు, ఒక కప్పు, ఒక తలుపు లేవాలి.

ఎటియెన్‌ను మాత్రం మళ్లీ పంపకండి, మా దగ్గర కొబ్బరిబోండాలు ఇంకా చాలా ఉన్నాయి.