పదకొండు అడ్డగీతలు

"నేటి నుంచి మన వంశంలో ఆరోగ్యానికి సంబంధించిన రహస్యాలు ఉండవు. ఏ జబ్బయినా సిగ్గుపడకుండా దాని పేరుతోనే చెప్పుకోవాల. ఇట్లు, అడ్మిన్ ఆశ్రిత."

ఈ ప్రకటన మా ధర్మవరం బంధువుల వాట్సాప్ గ్రూపులో నేనే పెట్టినా. ఎవరూ తప్పించుకోకుండా పైన పిన్ కూడా చేసినా. నలభై మూడు మంది దండాల బొమ్మలు పెట్టినారు. నేను బీటెక్ చదివి, బెంగళూరు కంపెనీకి ఇంట్లో కూర్చోని కోడ్ రాసేదాన్ని. సిగ్గు అనేదాన్ని పాత వెర్షన్‌లోనే తీసేసినా అనుకుంటాంటి.

నెల తిరక్కముందే మా నాయన రామదాసుకు నీరసం పట్టుకుంది. ముప్పై ఏండ్లుగా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని పట్టుచీరలు నేసే మనిషి. ఊరికూరికే లేస్తాండాడు, పలకరిస్తే కసురుకుంటాండాడు. డాక్టరు దగ్గరికి పోదామంటే "నాకేమైంది?" అంటాడు.

సరే, సైన్సు ఉండాది కదా. ఫోన్లో పది ప్రశ్నల క్విజ్ కనబడితే నాయన తరఫున నేనే నింపినా. కోపం వస్తుందా? వస్తుంది. అలసట? ఉంది. వయసు? యాభై తొమ్మిది. రెండు నిమిషాల్లో తేల్చేసింది: మగ హార్మోన్ తక్కువ. కిందనే మాత్రల డబ్బా, దానిమీద కండలు తిరిగిన సింహం. తెప్పించేసినా.

"ఏం మాత్రలు పాపా ఇవి?"

"విటమిన్లు నాయనా."

ఇది రహస్యం కాదు. క్లుప్తంగా చెప్పినా, అంతే.

నాయన రెండు నెలలు భక్తిగా మింగినాడు. అప్పుడొచ్చినాడు పట్టుచీరల వ్యాపారి అతావుల్లా, నాయన నేసిన చీరనే వాపసు పట్టుకోని.

"రామదాసన్నా, నేను అడిగింది సాదా చీర. ఈ చారలు యాడ నుంచి తెచ్చినావు?"

వాకిట్లో ఎండకు పట్టి చూపించినాడు. నేసే మనిషి మధ్యలో లేచిపోయి, మళ్ళీ వచ్చి మొదలుపెట్టిన చోట సన్నటి అడ్డగీత పడతాది. చీరంతా గీతలే.

"ఇన్నేండ్లలో నీ చేతి చీర వాపసు తెచ్చింది ఇదే మొదలు. ఇట్లే అయితే నీకు పట్టు ఎట్లియ్యాలప్పా?"

నాయన తల వంచుకోని నిలబడినాడు. మా అమ్మ సువర్ణే నోరు విప్పింది. "ఆయప్ప లేచేది ఉచ్చకు అతావుల్లన్నా. లేస్తే పావుగంట. వచ్చీ రాదు. ఈ రెండు నెలల్నుంచి మరీ ఎక్కువైంది."

రెండు నెలలు. సింహం వయసు కూడా అంతే.

వారానికి అనంతపురంలో అపాయింట్‌మెంట్ దొరికితే బయల్దేరినాం. గ్రూపులో ఉచ్చ జబ్బని టైపు చేసినా. ఆ గ్రూపులో నాకు సంబంధాలు చూస్తాండే వాళ్ళు ముగ్గురున్నారు. చెరిపేసి, "నాయనకు మోకాలి నొప్పి" అని పెట్టినా.

మూత్ర సమస్యల డాక్టరు నాజ్‌నీన్ మేడం. ఆడ డాక్టరని నాయన జంకుతాడేమో అనుకున్నా. గోడమీది ప్రోస్టేట్ గ్రంథి బొమ్మ చూడలేక తల తిప్పుకుంది నేను.

"పగలు ఎన్నిసార్లు పోతావు పెద్దాయనా?"

"మూడు సార్లమ్మా."

నా దగ్గర రుజువుండాది. పోయినప్పుడల్లా పచ్చ బటన్ నొక్కమని నాయనకు యాప్ చేసిచ్చినా. గ్రాఫ్ గర్వంగా చూపించినా. రోజుకు మూడు. వారమంతా మూడే.

అమ్మ సంచిలోంచి చీర తీసి బల్లమీద పరిచింది. "అది కాదు, దీన్ని చూడమ్మా. సాయంత్రం మగ్గం ఆపినప్పుడు అంచుకు ఎర్రదారం కడతా. ఈ దారం కాడ్నుంచి ఆ దారం దాకా ఒక పగలు. గీతలు లెక్కపెట్టు."

మేడం అద్దాలు సర్దుకోని వేలితో లెక్కపెట్టింది. పదకొండు. ఫైల్లో పదకొండే రాసుకుంది. నా గ్రాఫ్ వెలుగుతానే ఉండాది, ఎవరూ చూడలేదు.

"మందులేమన్నా వాడతాండావా?"

"మా పాప విటమిన్లు ఇస్తాది."

మేడం నా వైపు తిరిగింది. "ఏం విటమిన్లు?"

"మామూలువే మేడం. పేరు గుర్తులేదు."

డబ్బా నా ఒళ్ళోని బ్యాగులోనే ఉండాది.

"ప్రోస్టేట్ పెరిగినట్టుండాది. మామూలు వాపా, క్యాన్సరా అనేది పరీక్షలు చేస్తేగానీ తెలీదు. లోపలికి ఏం పోయిందో దాస్తే, ఆ రిపోర్టును నేను తప్పు చదువుతా. గుర్తు తెచ్చుకో."

నాయన చీర అంచును మడుస్తాండాడు, విప్పుతాండాడు.

డబ్బా తీసి బల్లమీద పెట్టినా.

"ఇది రాసిచ్చిన డాక్టరెవరు?"

"క్విజ్ మేడం."

"క్విజ్ నింపిందెవరు?"

"నేనే."

"మగ హార్మోన్ తక్కువో కాదో పొద్దున్నే రక్తం తీసి చూడాల తల్లీ. కోపం వస్తే తక్కువంటే ఎట్లా? నీలాంటి కూతురుంటే నాకూ వస్తాది కోపం."

డబ్బాను తన సొరుగులో వేసుకుంది. రక్తం తీసినారు, స్కానింగ్ చేసినారు. నాలుగు రోజులు నేను కోడ్ రాయలేదు, అన్నం తినలేదు. అయిదో రోజు చెప్పింది: మామూలు వాపే, క్యాన్సర్ లక్షణాలు లేవు, రోజుకో మాత్ర, మూడు నెలలకు మళ్ళీ రక్తపరీక్ష.

నెల తిరిగేసరికి ఎర్రదారాల నడుమ గీతలు అయిదుకు దిగినాయి. అతావుల్లా మళ్ళీ పట్టు ఇచ్చిపోయినాడు.

ఆ రోజే గ్రూపులో మా మేనత్త తిప్పమ్మ అడిగింది. "మా అన్న మోకాలు ఎట్లుండాది ఆశ్రితా?"

"తగ్గింది అత్తా. నూనె రాస్తాండాం."

కిందనే నాయన వాయిస్ మెసేజ్ వచ్చి పడింది.

"అందరికీ దండాలు. నా మోకాళ్ళు గుర్రం మోకాళ్ళు. నాకొచ్చింది ప్రోస్టేటు. పేరుతోనే చెప్పాలని మా పాప పైన రాసింది కదా, అందుకే చెప్తాండా. ఉచ్చ సరిగా రాకుంటే అనంతపురంలో నాజ్‌నీనమ్మ దగ్గరికి పోండి. మా పాప ఇచ్చే సింహం మాత్రలు మాత్రం మింగొద్దండి."

అడ్మిన్‌కు ఎవరి మెసేజ్ అయినా తీసేసే అధికారముంది. వాడినా. వాయిస్ పోయి, దాని చోట ఒక వరుస పడింది: "ఈ సందేశాన్ని అడ్మిన్ ఆశ్రిత తొలగించారు." దాని పైన, పిన్ చేసిన నా ప్రకటన.

మా అమ్మ తమ్ముడు తిప్పన్న మామ రాసినాడు: "అందరం వినేసినాంలే పాపా. ఆ డాక్టరమ్మ ఏయే రోజులుంటాది? నాకూ మోకాలే."

వెనకనే ఇంకో ఏడుగురు మగోళ్ళు. అందరికీ మోకాలే.

ఇప్పుడు వాళ్ళ అపాయింట్‌మెంట్ల షీటు నేనే నింపుతాండా. జబ్బు పేరు అనే గడిలో ఎనిమిది వరుసలూ మోకాలే. నాయన నా భుజం మీదుగా తొంగిచూసి, "తొమ్మిదో వరుసలో నా పేరు రాయి పాపా, మూడు నెలల పరీక్షకు" అన్నాడు.

జబ్బు పేరు గడి కాడికొచ్చి నా వేలు ఆగింది. నాయనే వంగి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటా, ప్రోస్టేటు అని తనే కొట్టినాడు.