రాధామనోహరానికి ప్రారంభోత్సవం

ఒక పెద్ద అడవిలో మీటింగులకు లోటు లేదు, పళ్ళకే లోటు. ఎందుకంటారా? సభలకు మైదానం కావాలని పాత సర్పంచి అడవిపంది పూలపొదలన్నీ పెకలించేసింది. పూలు పోయాయి, వాటి వెనకే తేనెటీగలూ పోయాయి. ఈగ వాలక నేరేడు పూతంతా నేలపాలైంది.

"తేనెటీగల్ని మళ్ళీ తెస్తా, లేదంటే కుర్చీ దిగిపోతా" అని ఒట్టేసి గెలిచాడు ఎలుగుబంటి గుబురయ్య. పైకి నేరేడుపళ్ళ మాటే చెప్పేవాడు గానీ, లోపల బెంగంతా తేనె మీదే. అయితేనేం, పని మాత్రం చేశాడు. పంచాయతీ ఆఫీసు ముందు రాధామనోహరం తీగ నాటాడు. పందిరి వేశాడు. ఏటి నుంచి నీళ్ళు తనే మోశాడు. "పుయ్యవే తల్లీ, నా పరువు నీ చేతిలో ఉంది" అని రోజూ బతిమాలుకునేవాడు.

తీగ కరుణించింది. తెలుపు, గులాబీ, ఎరుపు గుత్తులు పందిరి నిండా వేలాడాయి. గుబురయ్యకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

వాసన పట్టుకుని ఒక తేనెటీగ వచ్చి చుట్టూ తిరిగి చూసింది. "బావుందండీ సర్పంచి గారూ! రేపు సాయంత్రం రాణిగారితో సహా అందరం వస్తాం. పూలుంటే ఇక్కడే కాపురం. లేకపోతే మళ్ళీ ఈ దిక్కు చూడం."

గుబురయ్య గంతులేస్తుంటే కార్యదర్శి కొంగ శుక్లాంబరం ఒంటికాలి మీద వచ్చి నిలబడ్డాడు.

"అయ్యయ్యో! ప్రారంభోత్సవం కాకుండానే పూయనిచ్చారా?"

"పువ్వుకు ప్రారంభోత్సవం ఏమిటయ్యా?"

"భలేవారే! సింహం గారొచ్చి రిబ్బను కత్తిరించకపోతే ఈ తీగ వేసింది మీరేనని రేపెవరు నమ్ముతారు సార్?"

గుబురయ్య మెత్తబడ్డాడు. అక్కడే దెబ్బతిన్నాడు.

మర్నాడు సాయంత్రం సింహం గారిని ఎదురెళ్ళి తీసుకొచ్చాడు. చూస్తే ఏముంది, పందిరి మీద ఆకులే మిగిలాయి! పూలన్నీ మోకాళ్ళ దాకా వేలాడే దండై శుక్లాంబరం చేతిలో ఉన్నాయి.

"ఒరేయ్, నా పూలురా!" అన్నాడు గుబురయ్య.

"పెద్దవాళ్ళకు దండ వేయొద్దా సార్? అడవి మొత్తానికి పూలున్నది ఇక్కడేగా!" అంటూ కొంగ దండను సింహం మెడలో వేసేశాడు.

సింహం గొంతు సవరించుకుంది. "కళకళలాడే ఈ పూలతీగను చూస్తుంటే..." అని ఆకులకేసి చెయ్యి ఊపింది.

అంతలో జుమ్మని మోత. తేనెటీగలు దండు కట్టి వచ్చాయి. పందిరి చూశాయి, బోసిగా ఉంది. దండ చూశాయి, నిండుగా ఉంది. అన్నీ అక్కడే వాలాయి.

"ఆహా, నన్ను చూడ్డానికి ఎంత జనం!" అని సింహం మురిసిపోయి, అభివాదం చేద్దామని పంజా ఎత్తింది. ఒక ఈగకు తగిలింది. ఇంకేముంది! ముక్కు మీద ఒకటి, చెవి మీద రెండు. సింహం గారు శాలువా, దండ, ప్రసంగం అన్నీ వదిలేసి ఏట్లో దూకారు.

గుబురయ్య కూలబడ్డాడు. ఈగలు పోతాయి, వాటితో కుర్చీ కూడా. ఇక లేచి ఏం లాభం?

కానీ పొద్దు వాలింది. చిన్నవని కొంగ వదిలేసిన మొగ్గలు ఒక్కొక్కటే తెల్లగా విచ్చుకున్నాయి. ఘుమ్మని వాసన. తేనెటీగలు అటు తిరిగాయి. రాణిగారు పందిరి పక్క కొమ్మ చూసి కుదురుగా కూర్చుంది.

ఏట్లోంచి గర్జన వినబడింది: "ఇక మీదట ఆ పందిరి దగ్గర సభలు, దండలు, ప్రముఖులు, అన్నీ బంద్!"

ఆ ఏడు నేరేడుపళ్ళు విరగకాశాయి. గుబురయ్య మూతికి తేనె అంటుకుంది. శుక్లాంబరం మాత్రం కనబడ్డవాళ్ళందరికీ "ఇదంతా సింహం గారి ముందుచూపే" అని చెబుతూనే ఉన్నాడు.

నీతి: తీగ పూయాలంటే నీళ్ళు పోస్తే చాలు, పూసింది నిలవాలంటే మాత్రం పెద్దల్ని ఒక్కసారి కుట్టించాలి.