పొట్టేలు కోసం నింపిన ఇరవై తూటాలు

ఆ ఉదయం వెర్లిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. గుడ్లూ బేకనూ తిని, బావమరిది గార్త్‌ను షూటింగ్ మైదానానికి తీసుకెళ్ళి, అక్కడ వాడి పరువు తీసి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి సామాను సర్దుకోవాలి. మర్నాడే విండ్ రివర్ కొండల్లో వేట మొదలు. కొండపొట్టేలు పర్మిట్ కోసం ఇరవై నాలుగేళ్ళుగా లాటరీలో పేరు వేస్తుంటే ఈ ఏడు తగిలింది. మనిషికి జన్మలో ఒక్కసారే ఇస్తారు. వెర్లిన్‌కి అరవై ఆరు. మోకాళ్ళు ఈ ఏటికి ఇంకా మాట వింటున్నాయి.

కంపెనీ తూటాలంటే అతనికి ఒళ్ళుమంట. ఒకే పెట్టెలో ఒకటి పరిగెత్తుతుందనీ, ఇంకొకటి ఈడుస్తుందనీ, ఐదు వందల గజాల దూరంలో ఆ తేడా బెత్తెడు అవుతుందనీ అతని వాదన. అందులో అబద్ధమేమీ లేదు. అందుకే తుపాకీ మందు పలుకు పలుకూ తూచి తూటాలు తనే నింపుకుంటాడు. గార్త్ మాత్రం కొట్లో కొన్న పెట్టెతోనే ఏటా జింకను కొట్టుకొస్తాడు. అసలు మంట అక్కడ.

ఇంకో సంగతి. వెర్లిన్ పొదుపరి. గార్త్ పేల్చి పారేసిన ఇత్తడి తొడుగులనే ఏరి, తోమి, మందు నింపి, ఆ కంపెనీ బుల్లెట్టే బిగించి, ఆ కంపెనీ ఎర్ర పెట్టెలోనే పెట్టేవాడు. పైకి చూస్తే రెండూ కవలలు. గుర్తుకోసం పెట్టెలో తూటాలు గుచ్చే ట్రే కింద ఒక చీటీ, అంతే.

మైదానంలో తూటా వేగం కొలిచే యంత్రం పెడుతుండగా గాలికి గార్త్ టోపీ ఎగిరింది. దాన్ని పట్టుకోబోయి అతను బల్లను తన్నాడు. రెండు ఎర్ర పెట్టెలూ కింద పడ్డాయి.

"నీదేది బావా?"

"నా సరుకు నాకు తెలీదా!" అంటూ వెర్లిన్ చూడకుండానే ఒకటి లాక్కున్నాడు.

అతని మూడు తూటాలకీ యంత్రం చూపించిన వేగం, సెకనుకు అడుగుల్లో: 2810, 2894, 2831. తర్వాత అదే రైఫిల్లో గార్త్ పెట్టెలోవి పేల్చారు: 2850, 2846, 2851.

"బావా, ఆ యంత్రం మా వైపు చుట్టమేం కాదు కదా?" అన్నాడు గార్త్.

వెర్లిన్ బ్యాటరీని తిట్టాడు. ఎండను తిట్టాడు. ఇంటికొచ్చాక భార్య వంతు వచ్చింది.

"నాడీన్! నా త్రాసు మీద ఏం తూచావ్?"

"రొట్టె పిండిలోకి ఈస్టు. వేసవిలో, ఒక్కసారి."

"ఒక్కసారా! నా ఇరవై నాలుగేళ్ళు నాశనం చేశావ్!" పెట్టె ఖాళీ చేసి ట్రే ఎత్తి చూశాడు. "చీటీ కూడా పారేశావా?"

"నీ గరాజులో చీపురేస్తేనే గోల చేస్తావ్. నీ చీటీలతో నాకేం పని?" అని ఆమె తలుపు వేసుకుంది. ఆ తలుపు చాలా రోజులు తెరుచుకోలేదు.

ఆ పెట్టెలో మిగిలిన పదిహేడూ ఊడదీసి, ఆ ఊళ్ళో అందరూ చేసినట్టే మందును తూటాకొక మొక్క చొప్పున గులాబీలకు ఎరువుగా పోశాడు. అదే త్రాసు మీద తూచినవి కాబట్టి ఇంట్లో ఉన్న మిగతా తూటాల మీదా నమ్మకం చచ్చింది. సాయంత్రం గార్త్ తన పెట్టె తెచ్చిచ్చాడు.

"పదిహేడున్నాయి బావా. నిజంగా ఇస్తున్నా, తీసుకో."

ఆ జాలి తూటాకన్నా లోతుగా దిగింది. అయినా తీసుకున్నాడు.

వేట మూడో రోజున పొట్టేలు కనిపించింది. నాలుగు వందల ఎనభై గజాలు. పక్కకు తిరిగి, రాయి మీద నిశ్చలంగా నిలబడింది. వెర్లిన్ గురి కుదిరింది. వేలు మాత్రం కదలలేదు. మొన్న మూడు బాగానే పోయాయి, నాలుగోది ఎలా పోతుందో? ఎంతైనా కంపెనీ సరుకు. దగ్గరకు పోదామని గంటసేపు పాకాడు. గాలి తిరిగింది. పొట్టేలు అతన్ని ఒకసారి చూసి, తాపీగా శిఖరం దాటి వెళ్ళిపోయింది. మళ్ళీ కనపడలేదు. మంచు పడింది, సీజను ముగిసింది. ట్రక్కులో ఒంటరిగా కూర్చుని వెర్లిన్ ఏడ్చాడు.

మరుసటి ఏడు జూన్‌లో, గార్త్ సరుకు ఎంత చెత్తో తేల్చుకుందామని ఆ పదిహేడూ యంత్రం ముందు పేల్చాడు. అన్నిట్లోకీ వేగమైన దానికీ నెమ్మదైన దానికీ తేడా సెకనుకు తొమ్మిది అడుగులు మించలేదు. ఖాళీ ట్రే ఎత్తితే కింద చీటీ ఉంది. రాత తనదే: "పొట్టేలుకి. రెండుసార్లు తూచాను."

గార్త్‌కి చెప్పే ధైర్యం లేకపోయింది. నాడీన్‌కి మాత్రం చీటీ చూపించి, ఈస్టు విషయంలో తప్పయిందని ఒప్పుకున్నాడు.

ఆమె చదివి, కిటికీలోంచి గులాబీల వైపు చూసింది. "అయితే నువ్వు వీటికి పోసింది గార్త్ కంపెనీ మందన్నమాట."

"ఊఁ."

"అందుకే కాబోలు, ఒకటి విరగబూసింది, పక్కది మొగ్గే వెయ్యలేదు."