జాలీ వెనుక ఇంజను

మానవుడు యంత్రాన్ని కనిపెట్టడం మొదటి విప్లవం. ఆ యంత్రాన్ని మానవుడి బారి నుంచి కాపాడడం రెండవది. మొదటిదాని కీర్తి ఎవరెవరికో దక్కింది. రెండవదాని కీర్తి సంపూర్ణంగా మా మనవరాలు చదివిన వృత్తి శిక్షణ సంస్థకే చెందాలని నా మనవి.

ఆ సంస్థ డీజిల్ మెకానిక్ విభాగంలో ఒక ఇంజను ఉంది. నాలుగు సిలిండర్లది, ఆకుపచ్చనిది. పంతొమ్మిదేళ్ళ క్రితం అది వచ్చిన రోజునే చుట్టూ ఇనుప జాలీ బిగించి, జాలీకి తాళం, తాళానికి లక్క సీలు వేశారు. రిజిస్టరులో దాని ఎదుట "స్థితి: యథాతథం" అని రాసుకున్నారు. ఇంజను విప్పితే స్థితి మారుతుంది. స్థితి మారితే రిజిస్టరు అబద్ధమవుతుంది. రిజిస్టరు అబద్ధమాడరాదు కనుక విద్యార్థులు ఇంజను విప్పరాదు. ఈ తర్కంలో లోపం వెదకడానికి నేను రెండేళ్ళు శ్రమించాను. లోపం లేదు. (అదే దాని లోపం.)

ఈ వ్యవస్థకు యథాస్థితి పరిరక్షణాధికారి అనే పెద్దమనిషి ఉన్నారు. ఆయన ప్రతి సోమవారం జాలీలోంచి తొంగిచూసి, ఇంజను తనంతట తాను నేర్పడం మొదలుపెట్టలేదని రూఢి చేసుకొని సంతకం పెడతారు.

మరి చదువు ఎలా సాగుతుందని మీరు అడగవచ్చు. దివ్యంగా సాగుతుంది. పిల్లలు బొమ్మల మాస్టారు అని పిలుచుకొనే ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద సుద్దముక్కతో పిస్టన్ గీస్తారు. అది పైకి వెళ్ళవలసి వచ్చినప్పుడు చెరిపి పైన గీస్తారు. కిందికి రావలసి వచ్చినప్పుడు చెరిపి కింద గీస్తారు. ఆ విధంగా ఒక పీరియడులో ఇంజను రెండు చుట్లు తిరిగేసరికి సుద్దపొడికి మాస్టారికి దగ్గు తెర వస్తుంది. (దీనిని పిల్లలు సైలెన్సరు అంటారు.)

ప్రాక్టికల్ పరీక్ష ఇంకా పకడ్బందీగా ఉంటుంది. విద్యార్థి జాలీ ముందు నిలబడి, లేని స్పానరు చేతబట్టి, లేని బోల్టును గాలిలో విప్పాలి. మణికట్టు సరైన దిక్కుకు తిరిగితే మార్కులు పడతాయి. కిందటి ఏడు ఒక విద్యార్థి విప్పిన ఆరు బోల్టుల్లో అయిదే బిగించాడని రెండు మార్కులు కోసేశారు. అతడు వంగి, నేలంతా వెదికి, ఆరవది ఏరి తెచ్చాక ఒక మార్కు తిరిగి ఇచ్చారు.

మా మనవరాలికి ఈ పరీక్ష గట్టెక్కడం అవసరమైంది. బస్సు డిపోలో మెకానిక్ పని ఒకటి ఖాళీగా ఉంది. ఆమె తన మామయ్య మెకానిక్ షెడ్డులో ఆదివారాలు పనిచేయడం అక్కడి ఫోర్‌మన్ కళ్ళారా చూశాడు.

"నీ చేతులు చూశానమ్మా, నాకు చాలు," అన్నాడాయన. "పైవాళ్ళకి మాత్రం కాగితం కావాలి. నెలాఖరులోగా సర్టిఫికెట్ పట్టుకొచ్చేయ్. దాటితే నా చేతిలో ఉండదు."

పరీక్ష మూడవ తేదీన వచ్చింది. ఉదయం పది గంటలకు కరెంటు పోయింది. హాజరు వేసే యాప్ నిద్రలోకి జారింది. ఆ యాప్ విద్యార్థి ముఖాన్ని చూసి గుర్తుపట్టనిదే పరీక్ష మొదలుకాదు. అందరూ పెరట్లోని జనరేటరు దగ్గరకు నడిచారు. (జనరేటరు బోధనా యంత్రం కాదు, కార్యాలయ సామగ్రి. కనుక పాడయ్యే స్వేచ్ఛ దానికి ఉంది.) ట్యాంకు పూర్తిగా ఎండిపోయిందని ధ్రువపత్రం ఇస్తేనే డీజిల్ మంజూరు చేయాలన్నది అక్కడి నియమం. కనుక దానిని చివరి బొట్టుదాకా నడిపి, ధ్రువీకరించి, ముందురోజే నింపారు. ఇప్పుడు అది మూలుగుతోంది గాని అంటుకోవడం లేదు.

"డీజిల్ పోశాం కదండీ, ఇంకా ఏం రోగం దీనికి?" అన్నారు అధికారి.

"పాఠం ప్రకారం స్టార్ట్ అవ్వాలండీ," అన్నారు మాస్టారు.

"గాలి పట్టింది మాస్టారూ," అంది మనవరాలు. "ట్యాంకు ఎండేదాకా నడిపారుగా, పైపులోకి గాలి దూరింది. ఆ గాలి తీసేస్తే అదే లేస్తుంది. పదకొండో పాఠం. మీరే చెప్పారు."

మాస్టారు జనరేటరు మీదికి వంగి చూశారు. "అంటే, అది నిజంగా జరుగుతుందా?"

ఆమె ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టింది. మొదట నురగ వచ్చింది. తర్వాత బుడగలు వచ్చాయి. చివరకు శుభ్రమైన డీజిల్ ధారకట్టింది. స్క్రూ బిగించి మీట నొక్కింది. జనరేటరు అంటుకుంది. అంటుకుంటూ, వదులైన పొగగొట్టం అతుకులోంచి గుక్కెడు మసిని ఆమె ముఖాన ఊసింది.

లోపల దీపాలు వెలిగాయి. యాప్ మేలుకొని ఆమెను చూసి, "ముఖం గుర్తింపబడలేదు" అంది. ఆమె మోచేత్తో తుడుచుకుంది. మసి రెండో చెంపకు కూడా పాకింది. యాప్ మళ్ళీ అదే మాట అంది. ఆమె కుళాయి నీళ్ళతో కడుక్కొని వచ్చింది. డీజిల్ మసి నీళ్ళకు లొంగదు. మూడవసారి యాప్ ఆమె పేరు మూసేసి, "గైర్హాజరు" అని రాసేసింది. డీజిల్ మెకానిక్ విద్యార్థికి మసి అంటవచ్చునన్న అనుమానం ఆ యాప్ తయారుచేసినవారికి ఎందుకు కలగలేదో, ఆ జాలీని చూసినవారికి వేరే చెప్పనవసరం లేదు.

"రూలు ప్రకారం నువ్వు ఇవాళ రాలేదమ్మా," అన్నారు అధికారి. ఆయన తల మీద ఫ్యాను హాయిగా తిరుగుతోంది.

"ఇక్కడే ఉన్నాగా సార్. మీ జనరేటరు లేపింది నేనేగా."

"నాకు తెలుసు తల్లీ. నాకు తెలిసింది లెక్కలోకి రాదు."

నేను నాలుగు పుటల విన్నపం రాసి, పేరాలకు అంకెలు వేసి పంపాను. పదకొండు రోజుల్లో జవాబు వచ్చింది. మొదటి పేరాలో, అభ్యర్థిని ఆ రోజు ఆవరణలోనే లేదని తేల్చారు. రెండవ పేరాలో, అదే రోజు గుర్తు తెలియని వ్యక్తి ఒకరు జనరేటరును తాకినట్టు విచారణ జరుగుతున్నదనీ, ఆ వ్యక్తి ఆచూకీ తెలిస్తే తెలుపవలసిందనీ నన్ను కోరారు. (ఇంతకంటే చిన్న అబద్ధానికి చిన్నప్పుడు కాన్వెంటు బడిలో మా లెక్కల సిస్టర్ నన్ను మధ్యాహ్నం దాకా నిలబెట్టారు.) మూడవ పేరాలో, దయతలచి, ఇరవై ఎనిమిదవ తేదీన మరొక పరీక్ష ప్రసాదించారు.

ఇరవై ఎనిమిదిన మళ్ళీ కరెంటు పోయింది. సంస్థ గతానుభవం నుంచి పాఠం నేర్చుకొంది. యాప్‌కు బ్యాటరీ తగిలించింది. మనవరాలు సబ్బుతో తోముకొని వచ్చిన ముఖాన్ని చూసి యాప్ సంతోషంగా "హాజరు" అంది. పెరట్లో జనరేటరు, ముందురోజే ఎండి, ధ్రువీకరింపబడి, నింపబడి, మూలుగుతోంది.

అధికారి చెమట తుడుచుకుంటూ ఆమె దగ్గరకు వచ్చారు. "అమ్మాయ్, ఆ రోజులాగా ఒక్కసారి చెయ్యి వెయ్యకూడదూ?"

ఆమె తన చేతులను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఆ రోజు నేను రాలేదు కదండీ."

గుడ్డి వెలుతురులోనే పరీక్ష మొదలయింది. ప్రశ్న: గాలి పట్టిన ఇంజనులోంచి గాలి తీయుము. ఆమె జాలీ ముందు నిలబడింది. లేని స్క్రూ వదులు చేసింది. లేని పంపు కొట్టింది. లేని నురగ తగ్గేదాకా ఓపిగ్గా ఆగింది. చివరకు లేని డీజిలును లేని గుడ్డతో తుడుచుకుంది. కిటికీ అవతల, పది అడుగుల దూరంలో, అసలు జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. మాస్టారు ముచ్చటపడి నూటికి తొంభై ఆరు వేశారు.

సర్టిఫికెట్ అచ్చు వేయడానికి కరెంటు లేక చేత్తో రాసి ఇచ్చారు. ముప్పయ్యవ తేదీన ఆమె డిపోలో చేరింది. న్యాయం జరిగిందని అందరూ నన్ను అభినందిస్తున్నారు.

మొన్న ఆ సంస్థకు వెళ్ళాను. జనరేటరును బోధనా యంత్రాల జాబితాలో చేర్చి, చుట్టూ కొత్త జాలీ బిగించారు. అది ఇంకా అంటుకోలేదు. రిజిస్టరులో దాని ఎదుట రాసిన మాటను అడిగి మరీ చూసి వచ్చాను. యథాతథం.