పెళ్ళి డీవీడీకి కొసరు

ఆ ఉదయం జ్ఞానప్రకాశం అనుకున్న పనులు రెండే. రేవతి పెళ్ళి డీవీడీని ఆమె తల్లి ఆదిశేషమ్మ చేతిలో పెట్టాలి, ఇంటికెళ్ళి దోశెలు వేడివేడిగా తినాలి. కోవూరులో తన వీడియో దుకాణానికి భార్య ఎలిశబెతు పేరే పెట్టుకున్నాడు గాని, దోశెలు చల్లారితే ఆమె ఆ గౌరవం కూడా లెక్కచేయదు.

ఆదిశేషమ్మ రానే వచ్చింది. పెన్‌డ్రైవ్‌లో ఇస్తానంటే, పెళ్ళి వీడియో గోరంత ఉంటే వియ్యాలవారు ఏమనుకుంటారని డీవీడీయే కావాలన్న మనిషి. కూరగాయల దగ్గర కరివేపాకు, పాల దగ్గర మరో చెంచాడు, కొసరు లేకుండా ఆమె ఏ బేరమూ ముగించదు.

"డిస్కు నిండిందా?" అని అడిగింది.

"సగమే పట్టిందమ్మా. మిగతాది ఖాళీ."

"ఖాళీగా ఎందుకిస్తావు? కొసరు ఏదన్నా వెయ్యి నాయనా. మా చిన్నదాని పెళ్ళి వీడియో కూడా నీకే ఇయ్యాలని అనుకుంటా ఉండాం."

ఆ చివరి మాటకు జ్ఞానప్రకాశం కరిగిపోయాడు. టీవీలో ఆడే పెళ్ళి వీడియోతో పాటు, కంప్యూటర్లో తెరిస్తేనే కనిపించేలా ఫోటోల ఫోల్డరు కూడా చేర్చి, డిస్కు మళ్ళీ రైట్ చేసి ఇచ్చాడు. ఆమె గూడూరులోని వియ్యాలవారింటికి బస్సెక్కింది.

తీరా చూసుకుంటే ఫోటోలు వెళ్ళనేలేదు. డిస్కులోకి వెళ్ళింది పక్కనున్న 'తీసేసినవి' అనే ఫోల్డరు. వీడియోలో ఉండకూడదని కత్తిరించి, పారేయడానికి మనసొప్పక దాచుకున్న ముక్కలవి. మొదటి ముక్క ఏదో అతనికి వెంటనే గుర్తొచ్చింది. భోజనాల దగ్గర ఆదిశేషమ్మ అన్న మాట ఒకటి అందులో ఉంది. అది వియ్యాలవారు వింటే రెండో పెళ్ళి వీడియో దక్కదు. రేవతి కాపురం సంగతి ఆ తర్వాత గుర్తొచ్చినందుకు సిగ్గుపడి, ఆమె కోసం చిన్న ప్రార్థన కూడా చేసుకున్నాడు.

వెంటనే ఫోన్ చేశాడు. "అమ్మా, ఆ డిస్కు కంప్యూటర్లో మాత్రం పెట్టబాకండి!"

"పెడితే ఏమవతాది?"

"వైరస్సు ఉండాదమ్మా," అన్నాడు, నోటికొచ్చింది.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఈ అబద్ధం అతకడమే కాదు, అంటుకుంది కూడా. జ్ఞానప్రకాశం మోటారుసైకిల్ మీద గూడూరు చేరేసరికి వియ్యపురాలు వెంకటశేషమ్మ మాస్కు పెట్టుకుని కూర్చుంది. డిస్కును వాకిట్లో ఎండబెట్టారు.

"ఇట్టా ఇయ్యండి, కొత్తది చేసిస్తా," అని జ్ఞానప్రకాశం చెయ్యి చాచాడు.

అల్లుడు హరినాథ్ ఆ డిస్కును ముందే అందుకున్నాడు. "దీనికోసం ఇంత దూరం పరిగెత్తుకొచ్చినావంటే ఇందులో ఏందో ఉండాదన్నా. చూద్దాం ఉండు," అని లోపలికెళ్ళి పాత కంప్యూటర్లో పెట్టాడు. అందరూ చుట్టూ చేరారు.

తెరమీద ఆదిశేషమ్మ వడ్డించేవాడి చెవిలో చెబుతోంది. "మగపెళ్ళివాళ్ళ పంక్తిలో రెండో మలైకాజా వెయ్యబాకయ్యా. అడిగితే అయిపోయినాయని చెప్పు."

రేవతి తల వంచుకుంది. వెంకటశేషమ్మ మాస్కు తీసేసింది.

"మావాళ్ళు కాజాలకు మొహం వాచినారా వదినా?"

ఆదిశేషమ్మ నోరు తెరిచేలోపు రెండో ముక్క దానంతటదే మొదలైంది. అదొకటి ఉందన్న సంగతి జ్ఞానప్రకాశం మరిచేపోయాడు. అందులో వెంకటశేషమ్మ వంటసామాన్ల గదిలో అటూ ఇటూ చూసి, పళ్ళెంలోని మలైకాజాలను స్టీలు డబ్బాలోకి సర్దుకుంటోంది. మూత పట్టకపోతే ఒకటి తీసి నోట్లో వేసుకుని, మళ్ళీ మూత పెట్టింది.



"హరీ, వైరస్సంటే ఇదేనా?" అంది వెంకటశేషమ్మ.

"ఇదేనమ్మా."

"తుడిచెయ్."

"డీవీడీ తుడిచేదానికి కాదమ్మా."

"ఇట్టా ఇయ్యి నాయనా. ఇట్టాంటివి ఇంట్లో ఉంచుకోకూడదు వదినా," అంటూ ఆదిశేషమ్మ డిస్కును మోకాలికి ఆనించి రెండు ముక్కలు చేసింది. వియ్యపురాళ్ళిద్దరి మధ్య అంత సఖ్యత పెళ్ళిలో కూడా కనిపించలేదు.

కాఫీ తాగి జ్ఞానప్రకాశం బయల్దేరితే ఆదిశేషమ్మ గేటు దాకా వచ్చింది.

"చిన్నదాని పెళ్ళికి కూడా నువ్వే రావాల. అంతా చూసినోడివి, ఇంక వేరేవాళ్ళని పెట్టుకోలేం." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "కొసరు మాత్రం వద్దు నాయనా."

చల్లారిన దోశెలు కాక ఆ రోజు జ్ఞానప్రకాశానికి జరిగిన నష్టం ఒక్కటే. ఆమె ఆ మాట అన్నప్పుడు చేతిలో కెమెరా లేదు.