ఆరడుగుల చాప

యేసమ్మ ఇల్లు ఊడుస్తోంది. పొయ్యి మూల నుంచి బయలుదేరిన చీపురు గది మధ్యలో పరిచిన చాప దాకా వచ్చి ఆగింది. దాని చుట్టూ తిరిగి గుమ్మం వైపు వెళ్ళింది. చాప మీద క్రీస్తుదాసు వెల్లకిలా పడుకుని కప్పు వైపు చూస్తున్నాడు.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారు వాళ్ళు కొట్టేసి రెండేళ్ళయింది. అంతకు ముందు ఎవరి చెరువులో వల లాగాలన్నా ముందు క్రీస్తుదాసుకే కబురొచ్చేది. నీటి మీద బుడగ చూసి, కింద తిరిగేది బొచ్చో శీలావతో చెప్పేవాడు. గట్లు పోయాక వల కొయ్యకెక్కింది, మనిషి చాపెక్కాడు. ఆయన స్నానానికి లేచినప్పుడు ఆ చాప ఎత్తి ఊడవొచ్చు. కానీ ఎత్తితే తిరిగి పరవాల్సింది యేసమ్మే. తన చేత్తో పరవడం ఆమెకు ఇష్టం లేదు. చెరువుల రోజుల్లో ఆయన్ని గుమ్మంలోనే ఆపి, "ముందు ఆ నీచు వాసన కడుక్కుని రండి" అని కసిరేది. ఇప్పుడు ఆ వాసన ఒక్కసారి గుమ్మం దాటి వస్తే చాలనిపిస్తోంది.

"నేను ఏలూరు వెళ్తున్నానండీ. సంఘానికి గ్రాంటు ఇస్తారంట. కుండలో గంజి ఉంది."

జవాబు కోసం చూడకుండా చీపురు మూలన పెట్టి బయలుదేరింది.

ఆమె లెక్క వేరే ఉంది. సంఘంలో ఆడవాళ్ళంతా తుంగ చాపలు నేస్తారు. గ్రాంటు వస్తే మగ్గాలు కొనుక్కోవచ్చు. చాపలు ఎక్కువైతే తాడేపల్లిగూడెం దాకా మోసుకెళ్ళాలి. మోతకి మగమనిషి కావాలి కదా అని ఆయన్ని లేపొచ్చు. ఈ చివరి మాట దరఖాస్తులో రాయించడానికి వీల్లేనిది.

పక్కింటి రమ్య సంఘానికి రెండో లీడరు, పదో తరగతి చదివింది. ఏలూరు ఆఫీసుకి చేరాక ఆ పిల్ల జిరాక్సులకి వెళ్ళడంతో, యేసమ్మ ఒక్కతే గుమాస్తా నిత్యానందం బల్ల ముందు నిలబడింది.

"ఏం వ్యాపారం పెడతారమ్మా?"

"చాపలండి."

నిత్యానందం చిన్నగా నవ్వుకున్నాడు. కొల్లేటి వాళ్ళు చేపని చాప అంటారని ఆయనకు తెలుసు. తెలుగు ఎమ్మే చదివినవాడు కనుక కాగితం మీద 'చేపలు' అని శుద్ధంగా రాశాడు.

"సరుకెక్కడ దొరుకుద్ది?"

"మన కొల్లేట్లోనేనండి. నీళ్ళలో దిగి కోసుకొస్తాం."

"నీళ్ళలోనే కోసేస్తారా?"

"అక్కడ కోస్తేనే బాగుంటదండి. తెచ్చి ఎండబెడతాం. ఎండాక రంగేస్తాం."

కలం ఆగింది. "రంగా?"

"ఎరుపూ, ఆకుపచ్చానండి. రంగు లేకపోతే ఈ రోజుల్లో ఎవరు కొంటారండి?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చూడమ్మా, ఈ రంగు సంగతి నాతో అన్నావు. ఇంకెక్కడా అనకు."

వ్యాపారంలో గుట్టు తెలిసిన పెద్దమనిషి అనుకుంది యేసమ్మ. "అలాగేనండి."

"సైజెంత ఉంటాయి?"

"ఆరడుగులండి. పెళ్ళిళ్ళకైతే పన్నెండడుగులవీ చేస్తాం."

"పన్నెండా! ఎలా మోస్తారమ్మా?"

"చుట్టేస్తామండి."

కొల్లేరు గురించి తనకు తెలిసింది చాలా తక్కువని నిత్యానందం మనసులో ఒప్పుకున్నాడు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు. రమ్య జిరాక్సులు తెచ్చేసరికి కాగితం ఫైల్లోకి వెళ్ళిపోయింది.

రెండు నెలలకి ఊళ్ళోకి వ్యాను వచ్చి యేసమ్మ ఇంటి ముందు ఆగింది. రెండు పెద్ద ఐసు పెట్టెలు, ఒక కాటా, అరడజను కత్తులు దిగాయి. దాంతో పాటు ఇంగ్లీషులో ఒక కాగితం. రమ్య దాన్ని రెండుసార్లు చూసి, తెలిసిన రెండు మాటలు పట్టుకుంది.

"మంజూరైంది అత్తా! యూనిట్ అంట!"

"మగ్గాలేవే?"

"రెండో విడతలో వస్తాయేమో. ఈ కత్తులు తుంగ చీల్చడానికి. కాటా తుంగ తూకానికి."

"మరి ఈ పెట్టెలు?"

రమ్య మూత ఎత్తి లోపల తడిమి చూసింది. "రంగు నానబెట్టుకోడానికి! చుక్క కూడా కారదు చూడు. ఎంత ఆలోచించి పంపారో."

క్రీస్తుదాసు చాప మీద నుంచి తల తిప్పి ఐసు పెట్టె వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఏదో అనబోయి పెదవులు కదిలించాడు. యేసమ్మ చేతిలోని కాటా దించి గుమ్మం దాకా వచ్చింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తరవాతి గురువారం పొద్దున్నే వెంకట్రాజు అనే ఆఫీసరు కెమెరాతో జీపు దిగాడు. యూనిట్ చూసి ఫోటో తీసుకెళ్ళడం ఆయన పని. ఆడవాళ్ళు అరుగు మీద అన్నిటికన్నా మంచి చాప పరిచి కూర్చోబెట్టారు. ఆయనది పెదపాడు వైపే. మాట కూడా ఆ వైపుదే, చేపని చాపనే అంటాడు.

"చాపలేవమ్మా? చూపించండి."

"మీరు కూర్చున్నారు కదండీ," అంది యేసమ్మ.

వెంకట్రాజు ఒక్క ఎగురున లేచి ప్యాంటు వెనక తడుముకున్నాడు. చాప అంచు ఎత్తి కింద చూశాడు. ఏమీ లేదు.

"మెత్తగానే ఉందాండి? ఇంకోటి వెయ్యమంటారా?" రమ్య ఆదుర్దాగా అడిగింది.

ఆయన వెళ్ళి ఐసు పెట్టె మూత తీశాడు. లోపల నిండుగా ఎర్రటి నీళ్ళు.

"మీరు రంగేస్తున్నారని నిత్యానందం చెప్తే నమ్మలేదమ్మా నేను!"

"ఎవరికీ చెప్పొద్దని ఆయనే అన్నాడండి," అంది యేసమ్మ నొచ్చుకుని.

చేపా చాపా విడదీసుకోవడానికి పావుగంట పట్టింది. అంతా తేలాక వెంకట్రాజు చెమట తుడుచుకున్నాడు. "కాగితంలో చేపలని ఉంది తల్లీ. నేను చేపలనే ఫోటో తియ్యాలి. లేకపోతే సామాను వెనక్కి పోద్ది, మీ సంఘం పేరూ కొట్టేస్తారు. అవతల ఊరు చూసుకుని నాలుగింటికి వస్తాను."

జీపు వెళ్ళిపోయింది.

"చాపని చాప అంటే తప్పేంటత్తా?" రమ్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"చేపనీ చాపే అంటాం కదే. ఆ రెండోది తప్పు."

"పోనీ బజార్లో నాలుగు కొనుక్కొచ్చి పెట్టెలో పడేద్దామా?"

"ఫోటో అయ్యాక?"

ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. యేసమ్మ అరుగు మీదే కూర్చుంది. మగ్గం పోయింది. తాడేపల్లిగూడెం మోత పోయింది. ఆయన్ని లేపడానికి ఎన్నాళ్ళుగానో మనసులో కూర్చుకున్న మాట కూడా పోయింది.

వెనక చప్పుడైంది.

క్రీస్తుదాసు అరుగు మీదికి వచ్చి నిలబడ్డాడు. ఐసు పెట్టెల్లో ఒకదాన్ని ఈడ్చుకెళ్ళి రంగు నీళ్ళు మురుక్కాలవలో ఒంపేశాడు. పిడికెడు గడ్డీ బూడిదా తీసుకుని తోమాడు. రంగు పూర్తిగా పోలేదు. మూత ఎత్తి వాసన చూసి, మూల మూలకీ మళ్ళీ తోమాడు. చేపల పెట్టెలో రంగు నానబెట్టడం ఈ వారం రోజులూ ఆయన్ని ఎంత బాధపెట్టిందో ఆ తోమడంలో తెలుస్తోంది.

తరవాత లోపలికి వెళ్ళి కొయ్య మీది వల దించాడు. దులిపాడు. సాలెగూళ్ళు తీశాడు. వలలో తెగిన రెండు కళ్ళు కూర్చుని ముడేశాడు. 'ఎక్కడికండీ' అన్న మాట యేసమ్మ నోటి దాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది. అడిగితే మళ్ళీ పడుకుంటాడేమోనని భయం.

వల భుజాన వేసుకుని, గులాబీ రంగు పెట్టె నెత్తిన పెట్టుకుని, క్రీస్తుదాసు కొల్లేటి వైపు వెళ్ళిపోయాడు.

ఆయన కాలవ వంతెన దాటేదాకా చూసి, యేసమ్మ లోపలికి వచ్చి చాప ఎత్తి చుట్టింది. కింద రెండేళ్ళ దుమ్ము, టేపుతో కొలిచినట్టు సరిగ్గా ఆరడుగులుంది.